సముద్రం వైపు కొంగు

ఉప్పాడలో మా పెదనాన్న పోయారని వైశాఖంలో కార్డు వచ్చింది. ఇక్కడ రాజమండ్రి బడిలో ఎక్కాలు చెప్పిస్తూ చదివాను. చదివి మళ్ళీ ఎక్కాల దగ్గరికే వెళ్ళాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముందు వచ్చేది అదే.

ఆయన నేతగాడు. మా నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. మగ్గం నేర్పబోయి, నేను తెంపిన దారాలు అతికీ అతికీ విసిగి, "నీ చేతికి బలపమే నయంరా, పోయి చదువుకో" అన్నారు. అంత తేలిగ్గా అన్న మాట మీద నా బతుకంతా నిలబడింది.

ఈ నాలుగు మాటలు ఆయన నేసిన చీరల గురించి కాదు, వేసిన తోట గురించి. మా పెద్దమ్మకు వాతం వచ్చి కాళ్ళు పడిపోయాయి. పొద్దున ఎత్తి వెనక అరుగు మీద కూర్చోబెడితే సాయంత్రం దాకా ఆవిడకు కనిపించేది ఇసుక, దాని వెనక సముద్రం. "కళ్ళు కాయలు కాస్తున్నాయండీ. నాలుగు మల్లెపాదులు వెయ్యండి, కొప్పులోకైనా వస్తాయి" అందావిడ.

నాలుగు పాదులు వేసి ఊరుకునే మనిషైతే గొడవే లేదు. ఆవిడ కూర్చునే చోట తాను కూర్చుని, ఒక కన్ను మూసి, పెరడంతా కొలిచారు. కర్ర మేకులు దిగ్గొట్టి వాటికి పడుగు దారం బిగించి కట్టారు. పొడుగునా, చీరకున్నట్టే, రెండు అంచులు: ఒకటి బంతి, ఒకటి కనకాంబరం. మధ్యన బుటాల్లాగా ఎడం ఎడంగా వంగ, బెండ. అటు చివర, సముద్రం వైపున, కొంగు. మల్లెలన్నీ అక్కడే.

"పెదనాన్నా, మల్లెలు ఇంటి పక్కన పెట్టకూడదా? అటువైపు అలలు కదా" అన్నాను, సెలవులకు వెళ్ళినప్పుడు.

"ఆవిడ కూర్చునేది ఇక్కడరా. ఎదురుగా కొంగు కనబడొద్దూ? కొంగు లేకుండా కోస్తే చీర కాదు, గుడ్డ."

చెరువు మట్టి కావిడితో మోసుకొచ్చి ఇసుకలో కలిపేవారు. రోజూ పొద్దున్నే చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని చూసేవారు. "ఇంకా ఉప్పగానే ఉందే" అని అరుగు వైపు చెప్పేవారు. "మీరు తింటే అయిపోతుందిలెండి" అనేది పెద్దమ్మ.

ఆ ఏడు గాలివానకు సముద్రం పైకొచ్చి కొంగు తీసుకుపోయింది. మల్లెలు ఇంకా మొగ్గైనా తొడగలేదు. మరుసటేడు ఆయన మేకులు ఇంటి వైపు జరిపి, తోటంతా కొత్తగా, పొట్టిగా కూర్చారు. మళ్ళీ కొంగు అటే. సముద్రం మళ్ళీ అదే తీసుకుంది. ఇలా ఎన్నేళ్ళో. ఏటేటా తోట కురచవుతూనే ఉంది, ఏటేటా ముందు పోయేది మల్లెలే. అన్నిటికంటే ఇష్టమైనదాన్ని తీసుకెళ్ళి అలల నోటికి అందించే మనిషిని ఏమనాలి? ఒకసారి అరిచాను కూడా.

"గుమ్మం పక్కన ఒక్క పాదు పెడితే మీ సొమ్మేం పోయింది? పెద్దమ్మ ఎన్నాళ్ళు అడగాలి?"

ఆయన నొచ్చుకున్నారు. "కొంగు పని గుమ్మం దగ్గర చెయ్యమంటాడేంటే వీడు" అని పెద్దమ్మతో అన్నారు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఆయన పక్షానే.

కిందటేడు గాలివాన తర్వాత అరుగుకీ నీళ్ళకీ మధ్య నులకమంచం వేసేటంత చోటు మిగిలింది. అంచులకు చోటు లేదు, బుటాలకు లేదు. కొంగు ఒక్కటే పడుతుంది. గత్యంతరం లేక ఒకే ఒక్క మల్లెపాదు అరుగును ఆనించి వేశారు. గోడ చాటున ఉప్పుగాలి తగల్లేదు కాబోలు, అది బతికింది. వైశాఖంలో మొగ్గ తొడిగింది. ఆ పొద్దున ఆయన మట్టి రుచి చూసి, "చప్పబడిందే" అని పెద్దమ్మతో చెప్పి, నీరసంగా ఉందంటూ లోపలికి వెళ్ళి పడుకున్నారట. మళ్ళీ లేవలేదు.

పడవ మీద కాకినాడ, అక్కణ్ణించి బండి మీద ఊరు చేరేసరికి పదోనాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆనవాయితీ ప్రకారం పెద్దమ్మకు ఆఖరుసారి పసుపు రాసి, బొట్టు పెట్టి, చేతి నిండా గాజులు తొడిగారు. పూలు కావాలన్నారు. ఎవరో చెయ్యి చాపి అరుగు పక్క నుంచే కోశారు. విచ్చిన మల్లెలు, మూరెడు దండ అయింది. ఆవిడ కొప్పులోకి ఆ తోట పూలు వెళ్ళడం అదే మొదలు.

నన్ను దగ్గరికి పిలిచింది. "ఎలా ఉన్నాయిరా?" అంది.

"బాగున్నాయి పెద్దమ్మా" అన్నాను.

కాసేపటికి అన్నీ తీసేశారు. వచ్చే గాలివానకు ఆ ఇల్లూ ఉండదు. ఆవిణ్ణి నాతో తెచ్చుకుంటాను, కాని ఇక్కడ పెరట్లో మల్లెలు పూసినా వాటితో ఆవిడకు ఇక పనేముంది? దండ నీళ్ళలో వదలమని నా చేతికిచ్చారు. వదిలాను. పాత తోట మేకు ఒకటి అలల్లో ఇంకా నిలబడే ఉంది, దానికి పడుగు దారం ముక్క వేలాడుతోంది. అల దండను లోపలికి తీసుకుపోలేదు. తిరిగి తెచ్చి ఆ మేకుకు తగిలించి వెళ్ళింది.