ఒకే కుండలో పులుసు

మాది మైపాడు. మా ఆయన సముద్రంలో వేటకు వెళ్లేవాడు. గుండెలో కవాటం మార్చాక, రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు. నోటిపూత ఆయనకు పెళ్లినాటి నుంచీ వచ్చి పోయేదే. ఆపరేషన్ తర్వాత మాత్రం నెపమంతా మాత్ర మీద వేశాడు. పడవలో అందరూ ఒకే కుండలో పులుసు తింటుంటే, తనొక్కడే మజ్జిగన్నం తినడం ఆయనకు చిన్నతనంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం నవ్వుతూ ఇంటికొచ్చాడు.

"మామిడికాయేసి పులుసు పెట్టు, కారం తగ్గించబాక. ఆ మాత్ర నిలిపేసినా. నోరు బాగైంది."

"డాక్టరుగారిని అడగొద్దా?" అన్నాను.

"నా నోటి సంగతి నాకు తెలీదా" అన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్దామనుకుని పులుసు పెట్టాను. తింటుండగానే ఆయన చెయ్యి పళ్లెంలో వాలిపోయింది, మూతి వంకరపోయింది.

"రక్తం గడ్డ మెదడుకు పోయిందమ్మా" అంది నెల్లూరులో డాక్టరమ్మ. "పూత దానంతటదే తగ్గుంటుంది. మాత్రకూ దానికీ సంబంధముందో లేదో ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు."

ఇప్పుడు మాత్ర నేనే వేస్తున్నాను, గంజి నేనే తాగిస్తున్నాను. మొన్న పూత మళ్లీ వచ్చింది. ఇదివరకు నోరు మండితే ఇల్లంతా తిట్టేవాడు. ఇప్పుడు చెంచా తగలగానే మొహం తిప్పుకుంటాడు, అంతే.