వంటింటి గోడ మీద ఖాళీ మేకు

మొన్న వంటింటికి సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రీ గోడకున్న మేకులన్నీ పీకేస్తానంటే సరేనన్నాను గాని, చివరి మేకు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే అడ్డం పోయింది. దాని చుట్టూ సున్నం వేసుకో నాయనా, దాన్ని మాత్రం ముట్టకు అన్నాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు ఇది రాసిపెడుతోంది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు ఇళ్లల్లోంచి అన్నం డబ్బాలు పోయిన కాలం మీకూ గుర్తుండే ఉంటుంది. మా ఆయన పోయాక ఎల్బీనగర్‌లో ఈ ఇల్లూ, ఆ డబ్బాలే నాకు మిగిలిన బతుకు. ఏ డబ్బా ఎవరి దగ్గరుందో రాసుకోలేనిదాన్ని గనక, ఒక్కో డబ్బాకు గోడ మీద ఒక్కో మేకు కొట్టి, రెండింటికీ ఒకే రంగు దారం చుట్టేదాన్ని. మేకు ఖాళీగా ఉందంటే డబ్బా బయట ఉన్నట్టు. అది తిరిగి వచ్చేదాకా తినేవాళ్లది, నాది కాదు.

తెలంగాణ కోసం బందులు జరుగుతున్న ఆ రోజుల్లో పైగదిలో కోస్తా నుంచి వచ్చిన ఒక అమ్మాయి కిరాయికి ఉండేది. పగలు నేను చౌరస్తాలో దీక్ష టెంటు కింద కూర్చుని వచ్చేదాన్ని, సాయంత్రం ఆమె నా వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచిపెట్టేది. పక్కింటి వదినె ఊరుకుంటుందా?

"టెంటుల జై తెలంగాణ అంటవ్, ఇంట్ల ఆంధ్ర పిల్లకు పప్పు పెడ్తవ్. గిదేం తీరు?"

"పప్పు తెలంగాణదే గద వదినె" అన్నాను.

యంత్రాలను నడిపించే ప్రోగ్రాములు రాయడం ఆ అమ్మాయి పని. బందు వల్ల ఆఫీసుకు పోలేక, అరచేతి అంత బోర్డొకటి ఇంటికి తెచ్చుకుంది. బోర్డుకు తగిలించిన పరికరం ప్రతిదానికీ కంప్యూటరు మెదడును అడగకుండా, సమాచారమనే సామానున్న చోటికి తానే పోయి తెచ్చుకోవాలంటే, ముందు దానికి ఆ చోటు అప్పగించాలట. పని అయ్యేదాకా మనం అందులో వేలు పెట్టకూడదట, అయ్యాక వెనక్కి తీసుకోవాలట. ఏ మిషన్ మీద పెట్టినా నడిచేలా రాయాలట. ఆఫీసులో పెద్ద కంప్యూటర్ మీద బాగానే నడిచేది గాని, ఈ చిన్న బోర్డులో అప్పగించే చోట్లు తక్కువై, పొద్దు వాలేసరికి ఒక్కటీ మిగలక ఆగిపోయేది. ఎందుకో తెలియక పిల్ల తిండి మానేసింది. అది నడిస్తే బెంగళూరు పెద్ద ఆఫీసుకు తీసుకుపోతారు, నడవకపోతే ఉన్న ఉద్యోగం పోతుంది. పోతే ఇంకో కోర్సు చేసుకుంటూ ఇక్కడే ఉంటానంది. పోతే పోనీ, పైగదిలో దీపమైనా వెలుగుతుంది గదా అని నా మనసు ఒక్క క్షణం పాడు కోరిక కోరింది. ఇప్పుడు దాచుకుని ఏం చేస్తాను?

ఒక సాయంత్రం గోడ సగం ఖాళీగా ఉంటే నేను హాస్టల్ వాళ్లను తిట్టుకుంటున్నాను.

"తిన్నోళ్లు పంపిన్రు బిడ్డా. బందని ఊళ్లకు పోయి తిననోళ్లయే రాలే. కూడు పాడైతే పాయె, డబ్బా అయితే రావాలె గద."

ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. కాసేపు గోడ వంక చూసి, మెట్లెక్కి పరుగెత్తింది. పొద్దున దిగివచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పని బాగా జరిగినప్పుడే చోటు వెనక్కి తీసుకుంటున్నాను అత్తయ్యగారూ. మధ్యలో చెడిపోతే వదిలేస్తున్నాను. అదే తప్పు."

బోర్డు ఆగకుండా నడిచింది. నెల తిరక్కుండానే ఆమె బెంగళూరు బస్సెక్కింది. దారికి పులిహోర కలిపి ఆకుపచ్చ దారం డబ్బాలో పెట్టి, తిన్నా తినకున్నా డబ్బా పంపమన్నాను. నవ్వింది. కొన్నాళ్లు ఫోన్ చేసింది, తర్వాత ఆ నంబరు మోగడం మానేసింది.

తెలంగాణ వచ్చింది, చౌరస్తా మీదికి మెట్రో వచ్చింది. ఇప్పుడు హాస్టళ్లకు ఫోన్ నొక్కితే అన్నం వస్తుంది, తిని ఆ డబ్బా అవతల పారేస్తారు. తిరిగి ఇవ్వాల్సిందేదీ లేదు గనక ఎవరి కోసమూ ఎవరూ గడప వైపు చూడరు. పని చెడినా చోటు వెనక్కి తీసుకోవాలని ఆ అమ్మాయికి తెలిసింది నా మాటతోనే. నేను మాత్రం ఆకుపచ్చ దారం చుట్టిన ఆ ఒక్క మేకును ఇంకా ఖాళీగానే ఉంచుకున్నాను.