నేనుతికిన ఫైటు చొక్కా

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి మధురానగర్‌లో మా ఇంట్లో కూర్చున్నాను. టీవీలో పాత కరాటే సినిమా చూస్తున్న మనవరాలు ఉన్నట్టుండి పకపకా నవ్వింది. హీరో చొక్కా మీద అంతదాకా ఎడమ వైపున్న రక్తపు మరక మరుక్షణం కుడి వైపుకు పోయిందట. "అమ్మమ్మా, చూసినవా? ఎవరో మస్తు తెలివిగల్లోళ్లు చేసిండ్రు" అని ఆ ముక్క మళ్లీ వేసి చూపించింది. నాకు నవ్వు రాలేదు. ఆ చొక్కా ఉతికింది నేనే.

నేను పెళ్లై బల్కంపేటకు కాపురానికి వచ్చిన కొత్తలో, మా ఆయన మేనమామ శ్రీనగర్ కాలనీలో సినిమావాళ్ల బట్టలు చూసుకునేవాడు. షూటింగు బట్టలు మూటకట్టి తెచ్చిస్తే, ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చేదాన్ని. ఒక్కో బట్టకు గుండుసూదితో గుచ్చిన చీటీ ఉండేది. వాటి మీద సీను నంబర్లుంటాయని మామ చెప్పాడు కనుక, ఏది దేనిదో గుర్తుపెట్టుకుని, ఉతికాక మళ్లీ గుచ్చేదాన్ని. నాకు చదువు రాదని అత్తవారింట్లో ఎవరికీ తెలియదు. సంబంధం మాట్లాడినప్పుడు మావాళ్లు ఐదో తరగతి అని చెప్పేశారు. సంతకం పెట్టమంటే చెయ్యి నొప్పని తప్పించుకున్న రోజులు నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆ సినిమాలో కుర్రవాడు, విద్య నేర్పిన గురువు మీదే చెయ్యెత్తాలా వద్దా అని నలిగిపోయి, చివరికి కొట్లాటకు దిగుతాడు. ఆ ఫైటు పంజాగుట్టలో ఒక పాత బంగళా వెనక రెండు రోజులు తీశారు. మొదటి రోజు మూటలో తెల్ల చొక్కా వచ్చింది, నిండా ఎర్ర రంగు, మట్టి, చేతి దగ్గర చిరుగు. అయ్యో మంచి చొక్కా అనుకుని, నిమ్మచెక్కతో రుద్ది మరక వదలగొట్టి, చిరుగు కుట్టి, గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. ఆ హడావుడిలో, ఉతికే ముందు తీసి కిటికీ ఊచల్లో దోపిన చీటీ అక్కడే మరిచిపోయాను.

మర్నాడు మూట విప్పగానే "ఏందన్నా, తన్నులు తిన్నోనికి పెండ్లికొడుకు అంగీ తెచ్చినవ్!" అని సెట్టంతా నవ్విందట. నవ్వుల తర్వాత తిట్లు. నిన్నటి మరకలే ఇవాళా కనబడాలి కదా. మామ కంగారులో రంగు మరో వైపు పూసి, నా కుట్టు పక్కనే చింపి పని నడిపించాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, "బిడ్డా, ఉతకొద్దని చీటీ పెట్టిన గదా, చూడలేదా?" అన్నాడు. అప్పుడే ఊచల్లోంచి తీసిన చీటీ నా వీపు వెనక, నా పిడికిట్లో ఉంది.

"చీటేం లేదు మామా" అన్నాను.

"నేనే మరిసిన కావచ్చు" అని వెళ్లిపోయాడు. చీటీ పొయ్యిలో వేశాను.

ఆ తర్వాత సినిమావాళ్లు మామను పిలవలేదు. అమీర్‌పేటలో ఇస్త్రీ బల్ల పెట్టుకున్నాడు. తాళం వేసి కూడా రెండుసార్లు వెనక్కి వచ్చి చూసేవాడు. "నాకు మతిమరుపు బిడ్డా, ఆనాడు చీటీ సుత పెట్టలే గదా" అని తన మీద తనే జోకు వేసుకుంటే, నేను తల వంచుకుని చాయ్ ఇచ్చేదాన్ని. ఆయన పోయాకే, వాక్యం సొంతంగా చదువుకోండని పాస్టరమ్మ మాబోటివాళ్లకు అక్షరాలు దిద్దించింది.

ఇప్పుడు మరక ఎక్కడుందో ఫోనులో ఫొటో తీసుకుంటారట, చీటీలతో పని లేదు. మామ బల్ల ఉన్నచోట నెత్తి మీద మెట్రో పోతోంది. మొన్న మనవరాలితో కూడా "ఎవరో మర్చిపోయి ఉంటరు" అనే అన్నాను. నోటితో చెప్పలేకపోయాను కనుక నేర్చుకున్న అక్షరాలతో రాస్తున్నాను. మామ ఏదీ మరిచిపోలేదు. చీటీ పెట్టాడు.