బావ లారీకి నేను పట్టించిన తుప్పు

తుప్పు ఎక్కడ పడితే అక్కడ పుట్టదు. నీళ్ళు నిలిచే చోట పుడుతుంది, కిందికి కారుతుంది. తలుపు మడత, మడ్‌గార్డు లోపలి అంచు, రేకు మీద రేకు ఎక్కిన అతుకు. ఈ ముక్క ఆటోనగర్‌లో లారీలకు రంగులేసే ఎవడైనా చెప్తాడు. నేను ఇరవై ఏడేళ్ళుగా ఆ పనిలోనే ఉన్నాను. వారమంతా పాత బండ్లను కొత్తవి చేయడం, ఆదివారం వస్తే మద్దిలపాలెంలో మా అద్దింటి వరండాలో కూర్చుని కొత్త బొమ్మ లారీలను పాతవి చేయడం. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. అననీ. ఏ పిచ్చీ లేని మనిషిని ఒక్కణ్ణి చూపించమనండి, దండం పెడతాను.

ఈ పిచ్చి నాకు అంటించింది వన్ టౌన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే భాయ్. ఆయన దుకాణం పైగదిలో మంచమంత బల్ల, దాని మీద బొమ్మ రైలు. పట్టాలు, గూడ్సు యార్డు, రేవు గోడ, సిగ్నలు దీపాలు, అన్నీ ఆయన చేత్తో చేసినవే. యార్డు పక్కన నాలుగు బొమ్మ లారీలు కొని పెట్టాడు గానీ తృప్తి లేదు. "కొత్త బండ్లు పెడితే బొమ్మల కొలువులా ఉంది పెయింటర్ సాబ్, ఊరులా లేదు. తుక్కు బండి ఒకటి చేసిపెట్టు" అన్నాడు.

అలా మొదలైంది. జానెడు కూడా లేని ప్లాస్టిక్ లారీ తెచ్చి, అంచులు ఆకురాయితో రేకంత పల్చగా అరగదీస్తాను. ముందు తుప్పు రంగు వేసి, తడి మీదే ఉప్పు కల్లు చల్లుతాను. ఆరాక పైన అసలు రంగు. అదీ ఆరాక తడి బ్రష్షుతో రుద్దితే ఉప్పు రాలిపోయి, రాలిన చోటల్లా అడుగున ఉన్న తుప్పు బయటపడుతుంది. టైర్లను వేడి ఇస్త్రీపెట్టెకు ఒక్క క్షణం ఆనిస్తే గాలి పోయినట్టు చతికిలబడతాయి. చక్రాల చుట్టూ కొబ్బరిపీచు అతికిస్తే ఎండుగడ్డి మొలిచినట్టే. మొదటి బండికి నాలుగు ఆదివారాలు పట్టింది.

భాయ్ దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. "చెయ్యి మంచిదే. కానీ ఇది పాడైన బండి కాదు సాబ్, ముస్తాబు చేసిన బండి. ఎందుకు పాడైందో కనబడట్లేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తుప్పు గురించి నాకు చెప్పేవాడు పుట్టాడా అని విసవిసా మెట్లు దిగి వచ్చేశాను. కానీ బస్సులో కూర్చున్నాక ఆ మాట వదల్లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. ఎందుకంటే, పాడైన బండి ఒకటి నాకు బాగా తెలుసు. దానికి ముస్తాబు చేసింది కూడా నేనే.

అది మా బావది. బావంటే మా అప్ప, అదే మా అక్క, మొగుడు. మా వైపు బావా బావమరిదీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. సొంత లారీ, తనే డ్రైవరు, రేవు నుంచి బొగ్గు తోలుతాడు. ఒకసారి ఇంజను పని వచ్చి నెల రోజులు బండి షెడ్డులో ఉండిపోతే అన్నం సరిగ్గా తినలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు ముందు ఆ బండికి రంగు వేసేది నేనే. పరాయివాడి చెయ్యి పడనివ్వడు.

పోయిన దసరాకు ముందు ఛాసిస్‌ను ఇనుప బ్రష్షుతో గీకుతున్నాను. క్యాబిన్ వెనక, స్ప్రింగు కట్టల బ్రాకెట్టు దగ్గర ఎర్రటి గీత ఒకటి. తుడిస్తే పోతోంది, మళ్ళీ వస్తోంది. గట్టిగా గీకితే వేలు పొడుగు చీలిక తేలింది. బండి వెన్నెముక అది. పైపైన వెల్డింగు పెడితే నిలవదు, పాత బండి కాబట్టి మొత్తం మార్చడం దండగ. అంటే బండి పని అయిపోయినట్టే. ఈలోగా బావ టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏటి బావా, ఎలాగుంది నా బంగారం?"

నోటిదాకా వచ్చింది. ఆ పొద్దున్నే అప్ప ఫోను చేసి, "ఈపాలి బండి ఆగిపోతే మీ బావ మనిసి మిగలడురా" అని చెప్పి ఉంది. నేనేమన్నాను? "పర్లేదు బావా, ఇంకా నాలుగేళ్ళు తిరుగుతాది" అన్నాను. అని, చీలికలో పుట్టీ నింపి, అరగదీసి, నల్లరంగు కొట్టాను. మసిపూసి మారేడుకాయ చేయడమంటే అదే. నా పనితనం అంత గొప్పది, ఎవరి కంటికీ ఆనలేదు. నా చేతులు పడిపోను!

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. అప్ప పేరు ఫోనులో కనబడితే చాలు, బండికేదో అయిందనుకునేవాణ్ణి. వాన పడితే రోడ్డు మీద గోతులు తలుచుకునేవాణ్ణి. లోడు కాస్త తగ్గించు బావా అని తిప్పి తిప్పి చెప్పేవాణ్ణి. "నా బండికి దిష్టెట్టకు బావా" అని నవ్వేవాడు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే నెలలు గడిపేశాను. అంత పిరికివాణ్ణని నాకే తెలియదు.

భాయ్ అన్న మాట తర్వాత బావ లారీనే చేయడానికి కూర్చున్నాను. అదే ఆకుపచ్చ క్యాబిన్. అద్దం పైన "అమ్మ దీవెన". వెనక "నన్ను చూసి ఏడవకురా". ఆ అక్షరాలు పెద్ద బండి మీద రాసిందీ నేనే, చిన్నదాని మీద నాలుగు వెంట్రుకల బ్రష్షుతో రాసిందీ నేనే. నా రంగు కింద ఎక్కడెక్కడ తుప్పు ఉందో నాకు తెలుసు కాబట్టి అక్కడక్కడే ఉప్పు చల్లాను. చివర్న ఛాసిస్‌ను బ్రాకెట్టు దగ్గర బ్లేడుతో కోసి బొటనవేలితో నొక్కాను. నడుం విరిగి కూలబడింది. ఏడుపొచ్చింది. కానీ దాచడమెందుకు, హాయిగా కూడా ఉంది. మనిషికి చెప్పాల్సింది బొమ్మకు చెప్పి బరువు దించుకున్నాను. అలా దించుకోవడం కూడా తప్పేనని అప్పుడు తట్టలేదు.

ఈసారి భాయ్ ఏమీ వంక పెట్టలేదు. తీసుకెళ్ళి రేవు గోడ పక్కన పెట్టుకున్నాడు.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పైగదిలో ఉన్నాను. అప్ప కుట్టుమిషను పాడైతే భాయ్ దగ్గరికి తీసుకెళ్ళమని నేనే చెప్పి మర్చిపోయాను. బావ దాన్ని ఆటోలో పెట్టుకుని వచ్చాడు. కింద మాటలు వినబడి నేను లేచేలోపే భాయ్ ఆయన్ని పైకి తీసుకొచ్చేశాడు. "రండి రండి, మీ బావమరిది చేతిపని చూడండి" అంటున్నాడు.

బావ రైలును చూశాడు, యార్డు చూశాడు, లారీ దగ్గర ఆగాడు. "ఓరి నాయనో, నా బండే!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత మొహం మాడిపోయింది.

"ఇదేటి బావా, తుక్కు సేసేసినావు? బతికున్నోడి పొటోకి దండేత్తారేటి?"

"ఊరికే బావా, బొమ్మ కదా" అన్నాను.

బావ జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని వంగాడు. "అలాగైతే నడుం ఇక్కడిరిచినావేటి?"

నేను నోరు తెరిచేలోపు భాయ్ మురిసిపోతూ అందుకున్నాడు. పాపం, ఆయనకేం తెలుసు. "అదే కదండీ పనితనం! సరిగ్గా ఇక్కడే విరిచావేం అని అడిగాను. కాదు భాయ్, ఈ బండి విరిగితే ఇక్కడే విరుగుతుంది, నాకు తెలుసు అన్నాడు."

బావ నా వైపు చూశాడు.

"నీకు తెల్సా?"

"తెలుసు బావా."

"ఎప్పట్నుంచి?"

"పోయిన దసరా ముందు రంగేసినప్పటి నుంచి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. "ఆ దసరాకి బండికి పూజ సేసి, మీ అప్పని పక్కన కూకోబెట్టుకుని సింహాచలం ఎల్లినాను. టైర్ల కింద నిమ్మకాయలు ఎట్టినోడివి నువ్వే. పోనీ బావా పోనీ అని సెయ్యూపినోడివి నువ్వే" అన్నాడు. అరవలేదు. మిషను అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయాడు. అవును, నాలుగు నిమ్మకాయలు నా చేత్తోనే పెట్టాను. అవి చితికిన చప్పుడు విని అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

బావ మర్నాటి నుంచి బండి తీయలేదు. పది రోజుల్లో తుక్కువాళ్ళకు ఇచ్చేశాడు. ఇప్పుడు పరాయి బండి తోలుతున్నాడు. నేను ఫోను చేస్తే ఎత్తడు. నేను వాళ్ళింటి గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చాను.

ఆ మధ్య అప్ప ఒక్కతే మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ మంచినీళ్ళు ఇస్తే ముట్టలేదు. వరండాలో నా రంగు సీసాలు చూసి మొహం తిప్పుకుంది.

"తుక్కుకి బండి కోసినోడు మీ బావకి సూపించాడట. సీలిక కాడ బొటనేలంతే అతుక్కునుందట" అంది.

"నీ కోసమే అప్పా. బండి ఆగితే బావ మిగలడని నువ్వే కదా అన్నావు."

"అన్నాను. కాదన్నానా? మీ బావకి సెప్పలేకపోయినావు, సరే. నాకు సెప్పొచ్చు కదా."

"చెప్తే ఏం చేసేదానివి?"

అప్ప లేచి చెప్పులు వేసుకుంది. "ఆ బండే ఎక్కుదును. ఆయన్నొక్కడ్నీ ఎల్లనిత్తానేటి? గానీ తెలిసి ఎక్కుదునురా. నువ్వు నన్ను తెలీకుండా ఎక్కించినావు."