చక్కెర గోలి

నా చిన్నప్పుడు మా ఇంటి మగవాళ్లను ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. మా ముత్తాత పెద్ద పటేలు. మా తాతయ్య పటేలు. మా నాన్నకు పిల్లలు పుట్టాక కూడా ఆయన చిన్న పటేలే. ఇప్పుడు రాయదుర్గం మెట్రో స్టేషన్ దిగి అద్దాల భవనాల వైపు నడిచేవాళ్లు తొక్కుతున్న ఆ రాతినేల మీద, శిస్తు వసూలు చేసే మాలీ పటేలగిరి తరతరాలుగా మా ఇంట్లో ఉండేది. తహసీల్దారు ఆ దిక్కుకు వస్తే మా సావిట్లోనే దిగాలి, మా ఇంటి అన్నమే తినాలి. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. ఇప్పుడు నేను చందానగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. అక్కడి వాచ్‌మన్‌కు నేను ఒక ఫ్లాట్ నంబరును.

మా ఇంటికి ఒక మర్యాద ఉండేది. అతిథి విస్తరి ముందు కూర్చుని, తిని, చేయి కడుక్కున్నాకే ఇంటి పెద్ద ఎంగిలిపడాలి. వచ్చేవారు ఎంత ఆలస్యంగా వచ్చినా సరే. మా ముత్తాత ఒకసారి అతిథి కోసం పొద్దు గూకేదాకా పస్తు ఉన్నాడని చెప్పుకునేవారు. ఆ మాట చెప్పేటప్పుడు మా తాతయ్య వెన్ను ఇంకాస్త నిటారుగా అయ్యేది.

తాతయ్యకు చక్కెర బీమారి ఉందని తెలిసిన రోజు ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడారు. మా నాయనమ్మ చక్కెర డబ్బా తీసి వంటింటి అటక మీదికి ఎక్కించింది. ఆయన చెవిన పడితే మనసు అటు పోతుందని చక్కెర అన్న మాటే ఎవరూ అనకూడదని కట్టడి చేసింది. వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చేటప్పుడు కూడా "తీపి సరిపోయిందా" అని అడగాలి తప్ప, చక్కెర పేరెత్తకూడదు. అలా ఆ మాటకు మా ఇంట్లో ఒకే పని మిగిలింది. తాతయ్య వేసుకునే గోలిని చక్కెర గోలి అనేవాళ్లం. రాను రాను గోలి కూడా పోయి వట్టి చక్కెర మిగిలింది. "తాతయ్య చక్కెర ఏసుకున్నడా" అంటే మందు వేసుకున్నారా అని. చిన్నపిల్లనైన నాకు కూడా ఆ మాటకు వేరే అర్థం తట్టేది కాదు.

ఆ గోలి రాసిచ్చిన పట్నం డాక్టరు సావిట్లో కూర్చుని తాతయ్యకు అన్నీ వివరంగా చెప్పాడట. ఈ గోలి వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదన్నాడు. చెమటలు పట్టి చేతులు వణికితే ఒంట్లో చక్కెర పడిపోయిందని తెలుసుకోవాలని, తెలివి ఉండగానే చక్కెర నీళ్లు తాగించాలని కూడా చెప్పాడు. ఆ మాటలు విన్నది ఇద్దరే. ఒకరు తాతయ్య, రెండోది తలుపు వెనుక నిలబడ్డ నాయనమ్మ. మగవాళ్లు కూర్చున్న సావిట్లోకి ఆమె ఏనాడూ అడుగుపెట్టలేదు. తాతయ్య కొడుకులకు చెప్పి ఉంటారని ఆమె అనుకుంది. తాను ఎప్పుడు తినాలో మరొకరు చెప్పడం తాతయ్యకు నచ్చలేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు.

గోలి మాత్రం ఒక్కనాడూ తప్పేవారు కాదు. పొద్దున్నే ముఖం కడుక్కుని, గోలి మింగి, జొన్నరొట్టె తినేవారు. ఒకసారి తహసీల్దారు వస్తానన్న రోజున కూడా గోలి మింగారు. అంతలోనే జీపు బయలుదేరిందని కబురు వచ్చింది. రొట్టె మీద మూత అలాగే ఉంచి, తలపాగా చుట్టుకుని సావిట్లోకి వెళ్లిపోయారు. నాయనమ్మ పెరట్లో గాడిపొయ్యి దగ్గర అతిథుల వంటలో ఉంది. ఆయన తినే వెళ్లారనుకుంది.

జీపు రాలేదు. ఎండ వాకిట్లోంచి గడప దాకా పాకింది. గుట్టల వైపు రాళ్లు పేలుస్తున్నారేమో, ఉండుండి ఒక దెబ్బ వినిపించేది, దాని వెనకే పైకప్పు పెంకులు సన్నగా కదిలేవి. నేను తాతయ్య కాళ్ల దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతున్నాను. ముందు ఆయన పశువుల కాపరిని ఊరికే కసిరారు. ఆ మనిషిని ఆయన ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. నేను ఎంత విసిరినా మెడ మీద చెమట ఆరడం లేదు. తాకి చూస్తే ఆ చెమట చల్లగా ఉంది.

ఉన్నట్టుండి నా వైపు చూసి, ఎప్పుడో చిన్నతనంలోనే పోయిన తన చెల్లెలి పేరుతో నన్ను పిలిచారు.

"పొద్దు గూకింది. పోయి దీపం పెట్టు" అన్నారు.

బయట కళ్లు తెరవలేనంత ఎండ. నేను విసరడం ఆపేశాను. మళ్లీ గుట్ట పేలింది. భయమేసి నాన్న కోసం చూస్తే ఆయన వాకిట్లో ఉన్నారు. జీపు అప్పుడే వచ్చి ఆగింది.

తహసీల్దారు కోస్తా జిల్లాల మనిషి, నవ్వుతూ మాట్లాడేవాడు. "పటేల్ గారూ, మీ ఊరి దారి మా జీపుకి పడలేదండీ. ఇంకాస్త దూరముంటే మేమే దాన్ని ఎత్తుకుని వచ్చేవాళ్లం" అన్నాడు. తాతయ్య లేచి నిలబడి చేతులు జోడించారు. ఆ మాటకు నవ్వారు కూడా, కానీ మిగతావాళ్ల నవ్వు ఆగిపోయాక నవ్వారు. తహసీల్దారు ఆయన ముఖంలోకి ఒక క్షణం ఎక్కువసేపు చూశాడు.

విస్తళ్లు వేశారు. వడ్డన మొదలైంది. వరుస చివర నిలబడి "కడుపునిండ తినుండ్రి" అని చెప్పడం ఇంటి పెద్ద పని. తాతయ్య స్తంభం పట్టుకుని నిలబడ్డారు. పట్టుకున్న చేయి వణుకుతోంది. పెదవులు కదిలాయి గాని ఆ మాట రాలేదు. వచ్చింది వేరే మాట.

"చక్కెర" అన్నారు. నాలుక మందమైనట్టు ముద్దగా అన్నారు.

నాన్న కంగారుగా నా వైపు వంగారు. "చక్కెర ఎక్కినట్టుంది బిడ్డా. లోపలికి ఉర్కు. గోలి పట్కరాపో, జల్ది."

నేను పరుగెత్తాను. గూట్లోంచి గోలి తీసి గుప్పిట్లో పట్టుకుని వస్తుంటే వంటింటి గడప దగ్గర నాయనమ్మ ఎదురైంది.

"ఏందే అది?"

"తాతయ్య చక్కెర అన్నడు. నాయిన గోలి తెమ్మన్నడు."

"గోలి పొద్దుగాలనే ఏసుకున్నడు గద" అంటూనే ఆమె పక్కకు చూసింది. రొట్టె మీద మూత తీసి లేదు. ఆమె ముఖంలో రంగు పోవడం నేను చూశాను. నా గుప్పిటను తన చేత్తో గట్టిగా మూసి పట్టుకుంది. వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా.

"ఇది ఆయన నోట్లె పడ్డదంటే ఇగ మనకు దక్కడు" అంది, మెల్లగా.

అటక మీద నుంచి డబ్బా దించి, చెంబులో నీళ్లు పోసి, చేతికి వచ్చినంత చక్కెర వేసి వేలితో కలిపింది. కొంగు తల మీదికి లాక్కుని, అంతమంది మగవాళ్లు తింటున్న సావిట్లోకి నడిచి వెళ్లింది. అన్నం కలుపుతున్న చేతులు ఆగిపోయాయి. తహసీల్దారు వెంట వచ్చిన బంట్రోతు పక్కవాడితో "పటేలు ఇంట్ల ఆడోళ్ల రాజ్యమా ఏంది" అనడం నాకు వినబడింది. నాన్న తల వంచుకున్నారు.

తాతయ్య అప్పటికే స్తంభానికి ఆనుకుని కిందికి జారారు. ఆమె చెంబు పెదవులకు ఆనిస్తే ముఖం తిప్పుకున్నారు. "అతిథులు ఇంక..." అన్నారు.

"అతిథులు రేపు గూడ వస్తరు. తాగుండ్రి" అంది నాయనమ్మ.

ఒక్కొక్క గుక్క, మింగారో లేదో గొంతు చూసుకుంటూ తాగించింది. బయట మరో రాయి పేలింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నా వాటిలో మేము లేము. ఈ చూపు ఇలాగే ఉండిపోతుందేమో అనుకున్నాను. ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు నాకు ఆ కళ్లు కనిపిస్తాయి. చాలాసేపటికి ఆయన నన్ను చూసి, నా పేరుతో, సరైన పేరుతో పిలిచారు. నాయనమ్మ ఆయనకు పెరుగన్నం ముద్దలు పెట్టింది, అతిథుల ఎదుటే. తహసీల్దారు సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచాడు. "ముందు ఆసుపత్రికి పదండి, భోజనం ఎక్కడికీ పోదు" అని తన జీపులోనే తాతయ్యను, నాన్నను పట్నం తీసుకుపోయాడు.

దవాఖానలో డాక్టరు, గండం గడిచిందని అనుకోవద్దన్నాడట. పొద్దున వేసుకున్న గోలి ఒంట్లో ఇంకా పని చేస్తూనే ఉంటుంది, చక్కెర మళ్లీ పడిపోవచ్చు, ఇక్కడే ఉంచి చూసుకోవాలన్నాడు. దాని మీద ఇంకో గోలి పడి, తెలివి తప్పి ఉంటే, అప్పుడు చక్కెర నీళ్లు తాగించడానికి కూడా వీలుండేది కాదని నాన్నతో చెప్పాడు. తాతయ్యను అక్కడే ఉంచి తిరిగి వచ్చిన నాన్న ఈ మాటలు మాకు చెప్పారు.

నాయనమ్మ అందరినీ వంటింట్లోకి పిలిచింది. కొడుకులు, కోడళ్లు, పనివాళ్లు, నేను. నన్ను ముందు నిలబెట్టి, నా కుడి అరచేతిలో గోలి, ఎడమ అరచేతిలో చిటికెడు చక్కెర పెట్టింది. "ఏది పెంచుతది, ఏది దించుతది?" అని ఒక్కొక్కరినీ అడిగింది. ఆమె అలా అందరినీ వరుసగా అడగడం మేమెన్నడూ చూడలేదు.

మా చిన్నాయన విసుక్కున్నాడు. "రెండూ చక్కెరనే గదనే అవ్వా."

"గందుకే మీ నాయిన సచ్చేటోడు" అంది ఆమె. "దించేదానికి, పెంచేదానికి ఒక్కటే పేరు పెట్టుకున్నం. నేను గూడ పెట్టుకున్న. ఆయన అడిగింది చక్కెరనేరా. మనం గోలి ఇయ్యబోయినం."

ఆ రోజు నుంచి అది దించే గోలి. చక్కెర డబ్బా అటక దిగి నా చేతికి అందే గూట్లోకి వచ్చింది. దించే గోలి వేసుకున్నాక ఎవరు వచ్చినా రాకపోయినా తాతయ్య కంచం ఆగకూడదని నాయనమ్మ తీర్మానించింది.

తాతయ్య ఇంటికి వచ్చాక చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ తరువాత ఒకసారి చుట్టాలు వస్తామని కబురు చేసి ఆలస్యం చేశారు. లోపల గదిలో పీట వేస్తానంది నాయనమ్మ. "దాసుకోని తినేందుకు నేనేమన్న దొంగనా" అన్నారు తాతయ్య. పీటను సావిడి నడుమ వేయించుకున్నారు. వాకిలి తలుపులు బార్లా తెరిపించి, దారిన పోయేవాళ్లందరికీ కనిపించేలా, నిటారుగా కూర్చుని వేళకు భోంచేశారు. వచ్చిన చుట్టాల్లో ఒక ముసలావిడ గడపలోనే ఆగి, ఇంటి పెద్ద ముందు ఎంగిలిపడిన ఇల్లు నిలవదని అందరూ వినేలా అంది. తాతయ్య తలెత్తలేదు. ముద్ద ఆగలేదు.

ఇప్పుడు ఆ బీమారి నాకూ వచ్చింది. డాక్టరు మందు మార్చిన ప్రతిసారీ నేను అడిగేది ఒకటే, ఇది వేసుకుని తినకపోతే చక్కెర పడిపోతుందా అని. కొన్ని గోలీలతో అలా జరగదట, కొన్నింటితో జరుగుతుందట. నాది ఏ రకమో తెలుసుకుని గాని ఆ గదిలోంచి లేవను. ఒక పూట మరిచిపోతే మరుపూట రెండు కలిపి వేసుకోను. కూకట్‌పల్లి నుంచి మా వియ్యపురాలు వచ్చినప్పుడల్లా "వదినగారూ, షుగర్ బిళ్ల వేసుకున్నారా అండీ" అని ప్రేమగా అడుగుతుంది.

"షుగర్ బిళ్ల కాదు వదినా, షుగర్ దించే బిళ్ల" అంటాను.

"ఎలా అన్నా ఒకటేగా అండీ."

"ఒకటి కాదు" అంటాను. ఆమె మా కోడలి వైపు చూసి నవ్వుతుంది. నవ్వనివ్వండి.

కన్వెన్షన్ హాళ్లలో పెళ్లిళ్లు జరిగేటప్పుడు ముహూర్తం దాటిపోతుంటుంది, వియ్యాలవారు ఇంకా దారిలో ట్రాఫిక్‌లో ఉంటారు, భోజనాలు ఎప్పుడో ఎవరికీ తెలియదు. నా వేళకు నేను లేచి వడ్డించమని అడుగుతాను. "పెద్దవారు, మీరే ముందు కూర్చుంటే ఎట్ల అత్తా" అని మొన్న ఒక మేనల్లుడు అందరిలో అన్నాడు. దించే గోలి వేసుకున్నానని చెప్పి, ఖాళీ భోజనాల హాలు నడుమ కూర్చుని తిన్నాను. వెన్ను వంచలేదు.

తాతయ్య ఆ తరువాత చాలా ఏళ్లు బతికారు. ఇల్లు నిలవదని ఆ ముసలావిడ అన్నా, ఆయన బతికి ఉన్నంతకాలం మా ఇంటివాళ్లు ఒక్క గుంట భూమి కూడా అమ్మలేదు. ఆయన పోయాక ముందు పొలం, తరువాత మామిడితోట, చివరకు ఇల్లు అమ్మేశాం.