దారాలతో కట్టిన గోంగూర

ఈ అరబ్బు దేశంలో, అల్ వుకైర్‌లో మా ఫ్లాట్ బాల్కనీ ఎంతంటే, బట్టల స్టాండు పెడితే ఇక మనిషి పట్టదు. అయినా అక్కడే గోంగూర పండిస్తానని పట్టుబట్టాను. సూపర్‌మార్కెట్లో కొన్న కట్ట ఇంటికొచ్చేసరికి వడిలిపోయేది, పులుపూ ఉండేది కాదు. ఎండలు తగ్గగానే, మా అత్తయ్య భీమవరం నుంచి పంపిన ఎర్ర గోంగూర విత్తనాలు బకెట్లలో చల్లాను.

మొక్కలు సన్నగా పైకే పోతుంటే అత్తయ్య వీడియో కాల్‌లో చూసి, "చిగుళ్ళు గిల్లమ్మా, పక్క కొమ్మలేస్తాయి. పువ్వు మాత్రం పుయ్యనివ్వకు, ఆకు ముదిరిపోద్ది" అంది. అది చాలదన్నట్టు నేను ఫోనులో వీడియోలు వెతికాను. ఒక తెల్లాయన కుండీలో మొక్కను పక్కకు వంచి, దారాలతో కట్టి, గొడుగులా పరిచాడు. ఆకు అచ్చం మన గోంగూరలాగే వేళ్ళు వేళ్ళుగా ఉంది. ఇంకేం, నేనూ అలాగే కట్టాను. కొన్నాళ్ళకి బాల్కనీ అంతా గుబురు. ఎంత మురిసిపోయానో.

ఇక్కడ సెలవు శుక్రవారమే, ఒక వారం చర్చిలో ప్రార్థన ముగించుకుని కారులో వస్తుంటే బిల్డింగ్ మేనేజర్ నుంచి మా ఆయనకి ఫోటో వచ్చింది. ఎవరో వీధిలోంచి తీసిన మా బాల్కనీ. మీరు గంజాయి పెంచుతున్నారట, సాయంత్రం వచ్చి చూస్తాను, నిజమైతే పోలీసులకి చెబుతాను అని కింద మెసేజ్.

మా ఆయన కారు పక్కకాపాడు. "ఆ దారాలు కట్టడం ఎవరు నేర్పారు నీకు?"

వీడియో చూపించాను. ఆయన ఫోను లాక్కుని వీడియో కింద రాసినది చదివాడు.

"ఈ వీడియోలోది గంజాయి మొక్కే తల్లీ! ఇంటికెళ్ళగానే అన్నీ పీకెయ్. ఉద్యోగాలు పోవడమే కాదు, జైల్లో పెడతారు."

"పీకేస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదండీ. గోంగూర పెంచి దొంగల్లా దాక్కోవాలా?"

నాకు భయం కన్నా కోపమే ముందొస్తుంది. కానీ లిఫ్టులో మాత్రం, ప్రభువా, పచ్చడి కోసం జైలుకి పంపకు అనుకున్నాను.

మేనేజర్ ఈజిప్టు మనిషి. బాల్కనీలో ఆకు పట్టుకుని గొంతు పెంచాడు. తిని చూడండి, ఇది ఆకుకూర అని బతిమాలాను. గంజాయనుకున్న ఆకుని ఆయనెందుకు తింటాడు? పువ్వుంటే చూపించేదాన్ని. అత్తయ్య మాట విని మొగ్గలన్నీ గిల్లేశానాయె!

ఆ కేకలకి ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. అక్కడుండే సూడాన్ ఆవిడ స్కూల్లో అరబిక్ చెబుతుంది. అప్పటిదాకా మా మధ్య సలాం తప్ప మాటల్లేవు. తిన్నగా బాల్కనీలోకొచ్చి, ఏసీ యూనిట్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, నేనెప్పుడూ చూడని ఒక కొమ్మని బయటికి లాగింది. దానికి లేత పసుపు పువ్వు, పక్కనే ఎర్రటి కాయలు.

"కర్కదే!" అంది.

ఈజిప్టు వాళ్ళు ఇళ్ళల్లో తాగే కర్కదే అనే ఎర్ర షర్బత్ ఆ కాయల తొక్కలతోనే చేస్తారట. ఆవిడ ఆకు తుంచి తాను నమిలి, మేనేజర్ చేతిలో ఒకటి పెట్టింది. నమిలాడు. పులుపుకి కళ్ళు గట్టిగా మూసుకుని నవ్వేశాడు.

"ఖలాస్. మాఫీ ముష్కిల్" అన్నాడు. అంటే అయిపోయింది, ఏ ఇబ్బందీ లేదని.

ఆయన వెళ్ళగానే నేను ఆవిడని పట్టుకుని ఏడ్చేశాను. తలుపు వేసుకుని కూర్చుంటే ఆవిడనెవరూ తప్పుపట్టేవారు కాదు. పేరైనా తెలియని మనిషి మా ఇంటిని నిలబెట్టింది. ఈ జన్మకి ఆ మేలు మరచిపోలేను.

ఆ కొమ్మ సంగతి మీకెలా తెలుసని అడిగాను. ఆవిడ కాస్త సిగ్గుపడుతూ ఇంగ్లీషులో చెప్పింది: "మీ బాల్కనీ వైపున్న మా వంటింటి కిటికీలోంచి రోజూ చూస్తున్నాను. మా ఊళ్ళో పొలాల నిండా ఇవే ఉండేవి. యుద్ధమొచ్చాక విత్తేవాళ్ళు లేరు. మీకు చెబితే దీన్నీ గిల్లేస్తారేమోనని చెప్పలేదు."

ఈ ఏడాది మళ్ళీ బకెట్లు నిండాయి. మొన్న వీడియో కాల్‌లో అత్తయ్య కేకేసింది. "ఏంటమ్మా, ఆ కొమ్మ నిండా పూలొచ్చేసినా గిల్లలేదేం?"

"అది మన కొమ్మ కాదత్తయ్యా, ఎదురింటావిడది" అన్నాను.