దోనె కదలాలంటే

ట్రైనింగు పాసయ్యాక నన్ను కొల్లేటి లంకలో ఉన్న మిషను బడికి వేశారు. తాడేపల్లిగూడెంలో రైలు కూతలు వింటూ పెరిగినదాన్ని. ఏలూరులో ఏ మేడ బడిలోనో, గోడకు మ్యాపులున్న గదిలో పాఠాలు చెప్పుకుంటాననుకున్నాను. తీరా వచ్చి చూస్తే ఒక కిక్కిస గడ్డి పాక, మూడు పక్కలా నీళ్ళు, నాలుగో పక్క బురద. ఏడవటమొక్కటే తక్కువ.

నాకు బస ఇచ్చింది ఒక మామ్మగారు. రెండు తాటి మొద్దులు తొలిచి జతగా కట్టిన దోనె ఉండేది ఆవిడకు. లంక నుంచి గట్టుకు ఎవరు వెళ్ళాలన్నా ఆవిడే గెడ వేసి తీసుకెళ్ళేవారు. ఆవిడకొక పట్టింపు. దోనె ఎక్కినవాళ్ళు రేవులో ఉన్నవాళ్ళతో “వెళ్ళొస్తాను” అనాలి. అనకపోతే దోనె కదలదు. ఆ మాటకేం, అందరం అంటాం, మనది అలవాటు. ఆవిడది అలవాటు కాదు. ఆవిడ భర్త ఒకనాడు కూరలో ఉప్పు ఎక్కువైందని కోప్పడి, “పోతున్నా” అని మాత్రం అని వేటకు పోయాడట. ఆ పూటే గాలివాన. దోనె దొరికింది, మనిషి దొరకలేదు. ఈ సంగతి వల బాగుచేసుకుంటూ నాతో ఒక్కసారే చెప్పారు, మళ్ళీ ఎత్తలేదు.

రెండేళ్ళున్నాను. సణుగుతూనే ఉన్నాను. దోమలు, చేపల వాసన, ఎప్పుడూ తడిసిన చీర కుచ్చిళ్ళు. పిల్లలు సరేసరి. గుణింతం మధ్యలో గూడబాతులు నీళ్ళ మీద దిగాయంటే పలకలు పారేసి ఒకటే పరుగు. బెత్తం పుచ్చుకుని వాళ్ళ వెనక నేను. తీరా ఒడ్డుకు చేరాక నేనూ నిలబడి ఆ బాతుల్నే చూసేదాన్ని. ఆ సంగతి మాత్రం ఇంటికి రాసే ఉత్తరాల్లో రాయలేదు.

ఏలూరు ఆడపిల్లల బడిలో ఖాళీ ఉందని కబురొచ్చేసరికి ఎగిరి గంతేశాను. ఇక తిరిగి రానని, వేరే పంతులుగారు వస్తారని లంకలో అందరికీ చెప్పేశాను. బయల్దేరేనాడు పెట్టె దోనెలో పెట్టుకుని కూర్చున్నాను. రేవు నిండా పిల్లలు, వాళ్ళ తల్లులు. దోనె కదలదు.

“ఏమైందండీ?” అన్నాను.

“మీరు అనలేదండి,” అన్నారు మామ్మగారు.

“నేనింక రావటం లేదు కదండీ. రానిదాన్ని వస్తానంటే అబద్ధం కాదాండీ?”

“మీ ఇష్టమండి,” అని ఆవిడ గెడ పట్టుకుని తాపీగా నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. అవతల గట్టు మీద బండివాడు నా కోసం కాచుకుని ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“సరే, వెళ్ళొస్తానండి,” అన్నాను విసురుగా. దోనె కదిలింది.

ఏలూరులో కోరుకున్నవన్నీ ఉన్నాయి. మేడ, మ్యాపులు, ఆరిన చీర. పిల్లలు గంట కొడితే కూర్చునేవారు, గంట కొడితే లేచేవారు. పాఠం తప్పు లేకుండా అప్పజెప్పేవారు. నాకు ముందున్నావిడకూ అలాగే అప్పజెప్పారట, రేపు నా తరవాత వచ్చే ఆవిడకూ అప్పజెబుతారు. మా అమ్మ ఒకసారి వచ్చి చూసి తాడేపల్లిగూడెమంతా చెప్పుకుని మురిసిపోయింది. నాకు మాత్రం అన్నం సయించేది కాదు. సాయంత్రం కాలవ గట్టున నడుస్తుంటే కొంగ వాలినా ఆగిపోయేదాన్ని.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం గేటు దగ్గర గొడవ వినిపించింది. వెళ్ళి చూద్దును కదా, మామ్మగారు. నెత్తిన ఎండుచేపల గంప. బంట్రోతు ముక్కు మూసుకుని అడ్డం నిలబడ్డాడు.

“వెళ్ళొస్తానన్నారు కదండీ,” అన్నారు నన్ను చూడగానే. “వెళ్ళటం అయింది. రావటం ఎప్పుడండీ?”

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. “అది దోనె కదలడానికి అన్న మాటండీ.”

“కదిలింది కదండీ మరి.” గంప దించి చెంగుతో మొహం తుడుచుకున్నారు. “కొత్త పంతులుగారు దోమలకి తాళలేక వారంలోనే వెళ్ళిపోయారండి. కోతల్లోగా ఎవరూ రాకపోతే బడి ఎత్తేస్తారటండి. పాక మీద కొత్త గడ్డి కప్పుకున్నామండి. బాతులు కూడా దిగాయండి. పిల్లలే వెళ్ళటం లేదండి. వెనకాల తరిమేవాళ్ళు లేకపోతే సరదా ఏముంది అంటున్నారండి.”

గేటు పట్టుకుని ఏడ్చేశాను. నేను చెప్పిన పాఠాలు సరే, నా కేకలూ నా బెత్తమూ కూడా కావాలన్నవాళ్ళు నాకు అంతవరకూ ఎదురుపడలేదు. లంకలో ఉన్న రెండేళ్ళూ నేను సంతోషంగానే ఉన్నాను. సణుగుడు సందట్లో అది నాకు వినపడలేదు, అంతే.

కబురందగానే అమ్మ రైలెక్కి వచ్చింది. “నీకేం పొయ్యేకాలమే, మేడ వదిలి ఆ బురదలోకి పోతానంటావు?” అంది. తరవాత నా మొహం చూసి, కూర్చుని దోమతెర కుట్టి ఇచ్చింది.

నెలాఖరున పెద్ద పంతులమ్మగారి గదికి వెళ్ళి, “వెళ్తున్నానండి,” అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి నావంక చూశారు. “అదేం మాటమ్మా? వెళ్ళొస్తానను.”

“అనకూడదండి,” అన్నాను. “అంటే మళ్ళీ రావాలండి.”